వర్బన్ నడుము నొప్పి

పూల ఆదివారానికి ముందు రోజు మధ్యాహ్నం వర్బన్ సంచి సర్దుకున్నాడు. ఒక దుప్పటి, ఒక రొట్టె, ఒకే ఒక్క సార్డీన్ చేపల డబ్బా. ఆ ఒక్క డబ్బాలోనే ఉంది అతని ఆనందమంతా. ఊరికి పైన కొండ మీద, నది మలుపులో, గుహ నోటికి చెక్కలు కొట్టి కట్టిన చిన్న బస ఉంది. రాత్రికి అక్కడ పడుకుని, ఆదివారం పొద్దుపోయాక పిల్లిలా ఇల్లు చేరాలని అతని పథకం.

కారణం అతని పేరే. చెట్టు పేరో పువ్వు పేరో ఉన్నవాళ్ళందరికీ ఈస్టరుకు వారం ముందొచ్చే పూల ఆదివారమే పేరు పండుగ. వర్బన్‌ది చెట్టు పేరు. పుట్టినరోజుకైతే పిలిస్తేనే వస్తారు. పేరు పండుగకు ఎవరూ పిలవరు, వాళ్ళే వస్తారు, వచ్చినవాళ్ళకు పెట్టాలి, పొయ్యాలి. పోయిన ఏడు నలభై మంది వచ్చి సోఫా కాలు విరిచారు. రూసి బాబాయి అకార్డియన్‌ని కౌగిలించుకుని స్నానాల తొట్టిలో మంగళవారం దాకా నిద్రపోయాడు.

అందుకే ఈసారి వర్బన్ శుక్రవారమే ఆఫీసులో నడుము పట్టుకుని మూలిగాడు. డైరెక్టరు యావోర్‌గారు చాలా జాలిపడ్డారు. ఆయనదీ చెట్టు పేరే. పాపం, రాజధానిలో మంత్రిగారి సమావేశం పడింది, పండుగపూట తానూ ఇంట్లో ఉండలేకపోతున్నానని వాపోయారు. సెక్షన్ హెడ్ కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఎవరిని కూర్చోబెట్టాలో సోమవారం తేల్చేది ఆయనే. వర్బన్ మరికాస్త గట్టిగా మూలిగాడు.

"వాళ్ళొస్తే ఏం చెప్పను?" అంది భార్య స్నెజానా.

"డాక్టరు మంచం దిగొద్దన్నాడని చెప్పు."

"మంచం మీద నువ్వుండవుగా."

"పడగ్గది తలుపు వేసెయ్. రోగి గదిలోకి ఎవరొస్తారు?"

స్నెజానా ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా మంచికి రాలేదన్న సంగతి అతనికి అప్పుడు గుర్తు రాలేదు.

గుహ చేరేసరికి పొద్దు వాలింది. లోపల ఎవరో నెగడు ముందు గొంతుక్కూర్చుని ఊదుతున్నారు. ఉన్ని టోపీ తలెత్తింది. డైరెక్టరుగారు. వర్బన్ చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది.

"నడుమెలా ఉంది?" అన్నారు డైరెక్టరుగారు చివరికి.

"నడిస్తే తగ్గుతుందన్నారండీ. మంత్రిగారు బాగున్నారా?"

"బాగానే ఉన్నారు."

డైరెక్టరుగారు నెగడులోకి ఇంకో కట్టె తోశారు. తరువాత డైరెక్టరుగారు ఒప్పందానికి వచ్చారు. "చూడు వర్బన్, నేను నిన్ను చూడలేదు, నువ్వు నన్ను చూడలేదు. సోమవారం నీ సంగతి నేను చూసుకుంటా." వర్బన్‌కు కుర్చీ కళ్ళ ముందు కదిలింది. డబ్బాలోని చేపలు ముప్పాతిక వంతు డైరెక్టరుగారే తిన్నారు. దుప్పటి కూడా ఆయనే కప్పుకున్నారు. వర్బన్ వణుకుతూ సంతోషంగా పడుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ రొట్టె పంచుకుంటుంటే కింది నుంచి అకార్డియన్ వినిపించింది. నది వెంట జనం బారులు తీరి వస్తున్నారు, కుండలతో, సీసాలతో. అందరికంటే ముందు స్నెజానా.

జరిగిందేమిటంటే, నడుము నొప్పి కబురు విని ఈసారి నలభై కాదు, అరవై మంది వచ్చారు. రోగిని చూడకుండా పోవడం మర్యాద కాదన్నారు. నడుముకు రాయడానికి ఘాటైన రకియా సారా తెచ్చిన రూసి బాబాయి, ఆమె వద్దంటున్నా పడగ్గది తలుపు తోశాడు. లోపల దిళ్ళు తప్ప ఏమీ లేవు. స్నెజానా క్షణం కూడా తడబడలేదట. మా ఆయన పండుగ ఈసారి గుహ దగ్గర పెట్టాడు, ముందే చెబితే మజా ఉండదని నా నోరు కట్టేశాడు, అని చెప్పి ఇంటికి తాళం వేసింది.

డైరెక్టరుగారిని చూసి ఆఫీసువాళ్ళు ఆగిపోయారు. అకార్డియన్ కూడా ఆగింది. లెక్కల విభాగం నెవేనా మెల్లిగా అంది. "మంత్రిగారి సమావేశమన్నారు కదండీ."

డైరెక్టరుగారు నోట్లో రొట్టె ముక్క మింగి, లేచి, వర్బన్ భుజం మీద చెయ్యి వేశారు. "వదులుకుని వచ్చానమ్మా. ఇతను అంతగా బతిమాలితే కాదనగలనా?"

చప్పట్లు మోగాయి. వర్బన్ కూడా కొట్టాడు. ఇక కుర్చీ ఎక్కడికి పోతుంది? అక్రోట్లు కూరి కాల్చిన చేపలు విప్పారు, నది ఒడ్డున చేతులు కలిపి గుండ్రంగా ఆడారు. మూడో గ్లాసుకు డైరెక్టరుగారి కళ్ళు చెమర్చాయి.

"ఇంతమందిని కొండ మీదికి నడిపించిన మనిషిని సెక్షన్ కుర్చీలో పడేసి వృథా చెయ్యను. దాన్ని నెవేనా చూసుకుంటుంది. మన ఆఫీసులో ఇకనుంచి ఎవరి పేరు పండుగైనా, ఏ నెలలోనైనా, విందు బాధ్యత వర్బన్‌దే."

అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది స్నెజానా. చీకటి పడేలోగా అందరూ కొండ దిగారు. నిద్రపోయిన రూసి బాబాయిని పండుగ ఇచ్చినవాడే మొయ్యాలి గనుక వర్బనే మోశాడు, అకార్డియన్‌తో సహా.

సోమవారం పొద్దున్న అతని నడుము నిజంగానే పట్టేసింది. సెలవు కోసం మంచం మీద నుంచే ఫోను చేస్తే, "ఈసారి ఏ గుహకి?" అన్నారు డైరెక్టరుగారు.