పూలకు బరువేంటమ్మా

ప్రపంచ యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు దాటినా తమ పేట వెనక గుట్ట మీద కూలిన విమానానికి ఇంతవరకూ న్యాయం జరగలేదనీ, తాను ఉండగా ఇక జరగక తప్పదనీ శ్రీ కోటేశ్వరరావు చెరువు పక్క పార్కులో ప్రకటించారు. ఆయన బ్రిస్బేన్ దగ్గరి స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ తెలుగు మహా సమైక్య వేదిక, అసలు వర్గం, అధ్యక్షులు. ప్రకటన సమయంలో ఆయన ఒక చేతిలో మైకు, ఇంకో చేతిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు ఉన్నాయి. బార్బెక్యూ పెనం వెజ్ వాళ్లదా నాన్‌వెజ్ వాళ్లదా అన్న వివాదం అప్పుడే సద్దుమణిగింది. జనం ఆకలి మీద ఉన్నారు కాబట్టి చప్పట్లు వెంటనే పడ్డాయి.

ఆ విమానం సంగతి ఆయనకు తెలిసింది కిందటి వారమే. మహానుభావులకు ఆవేదన కలగడానికి వారం చాలు.

కౌన్సిల్ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. పార్టీ టికెట్టు కోసం కోటేశ్వరరావు వెళ్లని మీటింగు లేదు, తినని చప్పిడి శాండ్‌విచ్ లేదు. చివరికి పార్టీ బ్రాంచి ప్రెసిడెంటు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "కోటీ, నువ్వు మంచివాడివే. కానీ నీకు ఈ నేలతో అనుబంధం లేదంటున్నారు. లోకల్ హిస్టరీ కావాలి" అన్నాడు. రియల్ ఎస్టేట్ ఏజెంటుగా ఈ నేలలో సగం తానే అమ్మిన మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంటికొచ్చి పెరట్లో దిగులుగా నిలబడితే, కంచె అవతల నోరా ఆంటీ మొక్కలకు నీళ్లు పెడుతూ కనిపించింది.

నోరా ఆంటీ ఎనభై దాటిన మనిషి. పక్కింట్లో ఇన్నేళ్లుగా ఉన్నా, ఆవిడతో ఆయన మాట్లాడింది చెత్తబుట్టలు ఏ రోజు బయట పెట్టాలన్న విషయం మీదే. ఆ రోజు మాత్రం, "ఆంటీ, ఈ చుట్టుపక్కల హిస్టరీ ఏమన్నా ఉందా?" అని అడిగారు.

ఉంది. ఆవిడ తండ్రి ఎరిక్ విల్స్ మిలిటరీ పైలట్. యుద్ధం ముగిశాక సైనికుల్ని దీవుల నుంచి ఇళ్లకు చేర్చే విమానం నడిపేవాడు. యుద్ధమంతా ఏ తూటాకీ దొరకని మనిషి, శాంతి వచ్చిన తర్వాతి చలికాలంలో ఆ గుట్టకు దొరికాడు. విమానంలో ఉన్నవాళ్లంతా పోయారు. ఊళ్లో అమరుల రాయి అప్పటికే చెక్కించేశారు. యుద్ధం అయిపోయాక చచ్చిపోయినవాళ్ల కోసం మళ్లీ ఉలి పట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. విచారణ సంఘం ఒకటి కూర్చుని, పైలట్ తప్పిదం అని తేల్చి లేచిపోయింది.

"మా అమ్మ చచ్చేదాకా ఒకటే మాట చెప్పేది" అంది నోరా ఆంటీ తన ఇంగ్లీషులో. "ఒక పెద్దాఫీసరు తన పియానో విమానంలో ఎక్కించాడట. బరువెక్కువైంది, వద్దని నాన్న చెప్పాడు. ఇది ఆర్డరు అన్నాడట ఆయన. ఆఫీసరు మాత్రం తర్వాతి విమానంలో వచ్చాడు. వచ్చి విచారణ సంఘంలో కూర్చున్నాడు."

"అయ్యయ్యో! ఎంత అన్యాయం ఆంటీ!"

"నాకు పెద్ద కోరికలేం లేవు కోటీ. నేను పోయేలోగా నాన్న పేరు రాతి మీద ఒక్కసారి చూడాలి. పేరు చాలు."

కోటేశ్వరరావుకి నిజంగానే కళ్లు చెమర్చాయి. ఆయన కన్నీళ్లు ఎప్పుడూ నిజమైనవే. "ఫస్ట్ లైన్ ఆంటీ! ముందువైపు ఫస్ట్ లైన్‌లో మీ ఫాదర్ పేరు! నాది భరోసా" అని కంచె మీద చెయ్యి వేసి మాటిచ్చారు.

శిలాఫలకం అంటే ఏమిటో ఆస్ట్రేలియా వాళ్లకు తెలియదు. వాళ్లు చచ్చిపోయినవాళ్ల పేర్లు చెక్కి ఊరుకుంటారు. కోటేశ్వరరావు తెనాలి దగ్గర పుట్టిన మనిషి. వాళ్ల పెదనాన్నగారు సర్పంచిగా ఉండగా వేయించిన బోరింగు కన్నా దాని శిలాఫలకం ఎత్తుగా ఉండేది. బోరులో నీళ్లు పడలేదు గానీ రాయి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అలాంటి వంశం కాబట్టి, ఎవరి కరకమలములచే ఆవిష్కరింపబడునో ముందు రాయించారు. ఎంపీగారిది పెద్దక్షరం. బ్రాంచి ప్రెసిడెంటుది దానికి కాస్త చిన్నది. తనది ఆ రెంటికీ మధ్యరకం.

ఇంతలో వేదిక నుంచి విడిపోయిన అసలైన వర్గం వాళ్లు తమ అధ్యక్షుడి పేరు లేకపోతే గుట్టకు అవతలి వైపు తమ సొంత రాయి పాతుతామని వాట్సాప్‌లో హెచ్చరించారు. ఆ పేరూ ఎక్కింది. బిర్యానీ స్పాన్సర్ చేస్తున్న హైదరాబాదీ హోటల్ యజమాని మహబూబ్ పాషా మాత్రం ఎంతో నిరాడంబరంగా, "నా పేరేమొద్దు సార్. హోటల్ పేరెయ్యుండ్రి, చాలు. జాగా ఉంటే ఫోన్ నంబర్" అన్నాడు.

రాయి డిజైను ఫోనులో చూసి భార్య కుసుమ అడిగింది. "చచ్చిపోయినవాళ్లు ఎక్కడండీ?"

"వెనకవైపు."

"వెనక్కి ఎవరొస్తారు చదవడానికి?"

"కంగారూలు రావడంలా? నువ్వు ప్రతిదానికీ అడ్డం పడకే."

నోరా ఆంటీకి ఈ విషయం ఆయన స్వయంగా వెళ్లి విన్నవించారు. "వెనకవైపు ఫస్ట్ లైన్ మీ ఫాదరే ఆంటీ. నార్త్ ఈస్ట్ ఫేసింగ్. మార్నింగ్ సన్ బ్రహ్మాండంగా పడుద్ది" అని ఇల్లు అమ్మే పద్ధతిలో చెప్పారు. ఆవిడ, "సరే. చచ్చిపోయినవాళ్లకి ముందేమిటి, వెనకేమిటి" అంది. పేరు ఉంటుందన్న ఆశ ఆవిడ చేత ఏదైనా ఒప్పించేలా ఉంది.

ఆవిష్కరణ శనివారం అనుకున్నారు. ఉట్టి రాయి మీద గుడ్డ లాగితే పేపర్లో పడదు. ఆకాశం నుంచి పూలవాన కురవాలి. హెలికాప్టరు రేటు విన్నాక కోటేశ్వరరావుకి పర్యావరణం గుర్తొచ్చి, డ్రోన్ చాలన్నారు. మహబూబ్ పాషా మేనకోడలు తబస్సుంకి డ్రోన్ ఉంది, లైసెన్సు ఉంది. పెళ్లిళ్లకు వీడియోలు తీస్తుంది. ఇక్కడికి చదువుకోవడానికొచ్చి, ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ తెచ్చుకుని, సొంతంగా బిజినెస్ మొదలుపెట్టిన పిల్ల. బ్రిస్బేన్‌లో ఏ తెలుగు పెళ్లికొడుకైనా గుర్రమెక్కాడంటే, పైన తబస్సుం డ్రోన్ ఉన్నట్టే.

గుట్ట కింద మైదానంలో బంతిపూల రెక్కల సంచి ఎత్తి చూసింది తబస్సుం. "అంకుల్, ఇది చాలా హెవీ. నా డ్రోన్ లిమిట్ దాటిపోతది."

"పూలకు బరువేంటమ్మా? పూలు!"

"రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టిండ్రు కదా అంకుల్. తడిసి ముద్దైనయ్. సగం తీసేద్దాం."

"ఎంపీగారి మీద సగం పూలు పోస్తామా? ప్రోటోకాల్ ఉంటదమ్మా." అని ఆయన తన చేతులతోనే ఒక చుట్ట తెచ్చి సంచికి కట్టారు. "ఇదిగో, ఈ చిన్న ఫ్లెక్సీ కూడా. పూలు పడగానే పైన విప్పుకోవాలి. నా ఫొటో ఉంది, తలకిందులు కాకుండా చూడు."

"అంకుల్, ప్లీజ్. ఇది ఎగరదు. పైనుంచి మనుషుల మీద ఎగరెయ్యద్దు కూడా, రూల్ ఉంది."

"మనుషులెక్కడున్నారమ్మా? అంతా మనవాళ్లే."

తబస్సుం రిమోట్ కింద పెట్టేసింది. "నేను చెయ్య. నా లైసెన్స్ పోతది."

అప్పుడు కోటేశ్వరరావు గొంతు తగ్గించి, తండ్రిలా మాట్లాడారు. ఎంపీగారు వచ్చి కూర్చున్నారనీ, ఇది ఒక్కటి ఆగితే మొత్తం తెలుగుజాతి పరువు పోతుందనీ, మామయ్య హోటల్‌కి వచ్చే కౌన్సిల్ పర్మిషన్ ఒకటి రేపు తన చేతిలోనే ఉండొచ్చనీ చెప్పారు. తబస్సుం మహబూబ్ పాషా వైపు చూసింది. ఆయన బిర్యానీ గిన్నె వైపు చూశాడు. ఆ పిల్ల రిమోట్ చేతిలోకి తీసుకుంది. వెనక కుర్చీలో కూర్చున్న నోరా ఆంటీకి తెలుగు రాదు గానీ, సంచినీ, ఆ పిల్ల ముఖాన్నీ మార్చి మార్చి చూస్తూనే ఉంది.

ఎంపీగారు శాంతి గురించి మాట్లాడుతుండగా డ్రోన్ లేచింది. కొంత దూరం బాగానే లేచింది. తర్వాత గాలికి ఫ్లెక్సీ ముందే విప్పుకుని, కోటేశ్వరరావుగారి నవ్వు ముఖం రెక్కలకు చుట్టుకుంది. డ్రోన్ ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, పక్కకు ఒరిగి, పూలతో, ఫొటోతో సహా వచ్చి శిలాఫలకం మీద పడింది. దెబ్బ ఎవరికీ తగల్లేదు. రాయి రెండుగా పగిలింది. చీలిక అసలు వర్గానికీ, అసలైన వర్గానికీ సరిగ్గా మధ్య నుంచి పోయింది. వెనకవైపు ఏమైందో ఎవరూ చూడలేదు, నోరా ఆంటీ తప్ప. ఆవిడ ఒంగి ముక్కలు ఏరుకుంటోంది.

నాయకుడనేవాడు ఎవరో కష్టకాలంలోనే తెలుస్తుంది. ఎంపీగారి చొక్కా మీది పూలు ఇంకా దులపకముందే కోటేశ్వరరావు మైకు అందుకుని, సమగ్ర విచారణ సంఘాన్ని ప్రకటించారు. అధ్యక్షుడిగా ఎవరు ఉంటారని అడిగి, ఎవరూ జవాబు చెప్పేలోగా బరువైన హృదయంతో తానే ఒప్పుకున్నారు. బిర్యానీ చల్లారకుండా విచారణ ముగించాలని కూడా తీర్మానించారు. ముగించారు.

"డ్రోన్ నడిపింది ఎవరు?"

"నేనే అంకుల్. కానీ నేను మూడుసార్లు చెప్పిన కదా, బరువు..."

"బటన్ నొక్కింది ఎవరమ్మా?"

"నేనే."

"పైలట్ తప్పిదం" అని కోటేశ్వరరావు సభకు తెలియజేశారు. "అయినా మన పిల్లే. క్షమిద్దాం." చప్పట్లు పడ్డాయి. తబస్సుం కళ్లనీళ్లు కుక్కుకుంటూ డ్రోన్ రెక్కలు ఏరుకుంది.

అప్పుడు నోరా ఆంటీ ఒడి నిండా రాతిముక్కలతో లేచి నిలబడింది. "కోటీ, ఆ సంచి ఎవరు కట్టమన్నారు?"

"ఆంటీ, అది విచారణ పరిధిలోకి రాదు."

"మా అమ్మకీ అచ్చం ఇదే చెప్పారు" అంది నోరా ఆంటీ. ఎంపీగారు నీళ్లు తాగారు. తర్వాత అందరూ బిర్యానీ దగ్గరికి వెళ్లారు.

విరిగిన రాయి పక్కన గంభీరంగా నిలబడ్డ కోటేశ్వరరావు ఫొటో లోకల్ పేపర్లో వచ్చింది. సంక్షోభంలో చలించని నాయకత్వం అని కింద రాశారు. పార్టీ టికెట్టు ఆయనకే వచ్చింది. తబస్సుం లైసెన్సు ఆగిపోయింది. పెళ్లిళ్ల సీజన్ బుకింగులు ఒక్కొక్కటే, "ఏమనుకోకమ్మా" అంటూ వెనక్కి పోయాయి.

కొత్త రాయి పాతదానికి రెట్టింపు. ఇప్పుడు టికెట్టు కూడా ఉంది కదా, పేర్లు పెరిగాయి. అయితే కోటేశ్వరరావు మాట తప్పే మనిషి కాదు. ఈసారి ఎరిక్ విల్స్ పేరు ముందువైపు, మొదటి లైన్‌లో చెక్కించారు. రాయి లారీ మీద వచ్చిన రోజు నోరా ఆంటీని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించారు.

ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని చదివింది.

ఈ గుట్ట వద్ద జరిగిన రెండు విమాన ప్రమాదాల స్మృత్యర్థం. ఎరిక్ విల్స్, పైలట్ తప్పిదం. తబస్సుం, పైలట్ తప్పిదం. ఆవిష్కర్త, విచారణ సంఘాధ్యక్షులు శ్రీ కోటేశ్వరరావు. ఆ కింద మిగతా అందరూ. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. విమానంలో పోయిన మిగతావాళ్లకు జాగా చాలలేదు.

"పారదర్శకత ఆంటీ" అన్నారు కోటేశ్వరరావు. "దాచేది ఏముంది?"

ఆవిడ వేలు తండ్రి పేరు మీద ఒక్కసారి తిరిగింది. పక్క మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. "పేరు చాలన్నాను కోటీ. పేరు ఒక్కటే. నాకు ఒళ్లు మండిపోతోంది" అంది. ఆనందం మరీ ఎక్కువైతే పెద్దవాళ్లు అలాగే అంటారని ఆయన పక్కనున్నవాళ్లకు సర్దిచెప్పారు.

మైదానంలో కుర్చీలు వేశారు. ఎంపీగారు మళ్లీ వచ్చారు. తబస్సుంని కూడా పిలిచారు, పేరున్న మనిషి కాబట్టి. రాయిని దిమ్మె మీదికి ఎత్తడానికి క్రేన్ సిద్ధంగా ఉంది. దాని ఆపరేటరు, ఎర్ర గడ్డం ఆస్ట్రేలియన్, కిందికి దిగి వచ్చి తల అడ్డంగా ఊపాడు. "మేట్, ఈ రాయి నా క్రేన్‌కి ఎక్కువ. మీరు చెప్పిన బరువు ఇది కాదు. ఇంకో క్రేన్ తెప్పించాలి, సోమవారం."

"సోమవారం ఎంపీగారు ఉండరు" అన్నారు కోటేశ్వరరావు. "రాసింది పేర్లే కదయ్యా. పేర్లకు బరువేంటి? ఎత్తు."

ఆపరేటరు ఇంకేదో అనబోయి, ఎంపీగారినీ, కెమెరాలనీ చూసి, మెల్లగా క్రేన్ ఎక్కాడు. రాయి లారీ మీంచి లేచింది. గొలుసు కిర్రుమంది. నోరా ఆంటీ తన కుర్చీని వెనక్కి జరుపుకుంది. తర్వాత తబస్సుం కుర్చీని కూడా పట్టుకుని తన పక్కకి లాక్కుంది.

కోటేశ్వరరావు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, పక్కనే నిలబడ్డ, రాయి చెక్కిన శిల్పి వైపు వంగారు.

"తబస్సుం కింద ఒక లైను ఖాళీ ఉందిగా? ఆ క్రేనాయన పేరేంటో కనుక్కో."