మేకులు కొట్టిన చక్రాలు

ఒక పెద్ద అడవిలో, వరద వస్తోందన్న కబురు ఎప్పుడూ వరద వచ్చాకే అందేది.

కబురు మోసే ముంగిస తాయారు తప్పేం లేదు. కాపలా గుట్ట నుంచి పల్లంలోని బొరియల దాకా రెండు మైళ్ళ రాతిబాట. ఎంత పరిగెత్తినా వాగే గెలిచేది. కిందటి వానల్లో ఆమె వెళ్ళేసరికి చెవులపిల్లుల బొరియలు మూడు మునిగిపోయాయి. ఆ రోజు నుంచి తాయారుకు తిండి సయించలేదు.

ఒకనాడు సంతలో ఓ కోతి క్యాస్టర్ బోర్డు మీద నేల తన్నకుండానే దూసుకుపోతుంటే ఆమె కళ్ళప్పగించి చూసింది. రెండు పలకలు, మధ్యలో వాటిని కలిపే కడ్డీ. ఒక్కో పలక కింద ఏటవాలుగా బిగించిన ఒక్కటే చక్రం. అది ఎటైనా తిరుగుతుంది. ముందుకాలు ఒకవైపు, వెనకకాలు ఇంకోవైపు వంచుతూ నడుం తిప్పితే కడ్డీ మెలిపడి, బోర్డు పాములా వంకర్లు పోతూ ముందుకు సాగుతుంది.

"పాములా పోయే బండి మీద ముంగిసకు మోజేమిటో!" అని అడవంతా నవ్వింది.

తాయారు పట్టు వదల్లేదు. పెద్ద బోర్డు ఎక్కితే ఆమె బరువుకు కడ్డీ మెలిపడనే లేదు. గట్టి చక్రాలది గరుకురాతి మీద పళ్ళన్నీ కదిలించింది. చివరికి తన కాళ్ళ ఎడానికి సరిపడే చిన్న పలకలు, మెత్తటి చక్రాలు ఉన్నది ఎంచుకుంది. పదిసార్లు పడింది. పదకొండోసారి తాంబూలం నమిలేంతసేపట్లో పల్లానికి చేరింది.

అయితే దాన్ని నడపాలంటే అడవి పరిషత్తు అనుమతి కావాలి కదా!

అధ్యక్షుడు ఏనుగు వరదయ్య బోర్డును తిరగేసి చూశాడు. "ఏమ్మా తాయారూ, ఈ చక్రాలు ఎటు పడితే అటు తిరుగుతున్నాయే?"

"తిరిగితేనే నడుస్తుందండీ."

"అదే నేననేది. క్రమశిక్షణ లేదు."

భద్రతాధికారి కొంగ శేషమ్మ గొంతు సవరించుకుంది. "మధ్యలో కడ్డీ ఊగుతోంది. ఊగేది ప్రమాదం. నన్ను చూడండి, ఒంటికాలి మీద ఎన్నేళ్ళుగా ఊగకుండా నిలబడ్డానో!"

"తమరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు కదమ్మా," అంది తాయారు. ఆ మాటను పొగరు కింద రాసుకున్నారు.

కార్యదర్శి నక్క పానకాలు పెదవి విరిచాడు. "కొలతా తప్పే. పరిషత్తు వస్తువంటే పరిషత్తులో అందరికన్నా పెద్దవారికి సరిపోవాలి."

అందరూ ఏనుగు పాదాల వైపు చూశారు.

తాయారు బోర్డును గుట్ట మీది గోదాంలో పడేశారు. నెల తిరిగేసరికి కొత్తది తయారైంది. ఒక్కో పలక సింహద్వారం తలుపంత. చక్రాలు తిరక్కుండా మేకులు కొట్టారు. కడ్డీకి ఇనుప పట్టీ వేశారు. తాయారు ఎక్కి నడుం విరిగేలా తిప్పినా అంగుళం కదల్లేదు.

"కదలదు కాబట్టి పూర్తి భద్రం," అని శేషమ్మ ధ్రువపత్రం ఇచ్చింది. తొయ్యడానికి నలుగురు కోతుల్ని, కోతుల్ని అదిలించడానికి పానకాలు బావమరిదిని నియమించారు.

ప్రారంభోత్సవం కాపలా గుట్ట మీద. దండలతో వరదయ్య బోర్డెక్కాడు. అంతలో ఎగువన వాగు ఎర్రగా పొంగడం తాయారు కంటపడింది.

"అయ్యా! నీళ్ళొస్తున్నాయి! నా బోర్డు ఇప్పించండి!"

"రిబ్బను కత్తిరించనీ, తొందరేం?" అన్నాడు పానకాలు.

కోతులు తోశాయి. బాట వంపు తిరిగింది. మేకుల చక్రాలు తిరగలేదు. అధ్యక్షులవారు తిన్నగా వాలులోకి జారి, వాగులో రెండు బండల మధ్య ఇరుక్కున్నారు. పరిషత్తంతా కేకలేస్తూ అటు పరిగెత్తింది.

తాయారు ఇటు పరిగెత్తింది. గోదాం తలుపు కింద నుంచి దూరి, తన బోర్డు లాక్కుని ఎక్కింది. ఎక్కడా నడుం ఆగలేదు. "లేవండి! గట్టెక్కండి!" అని అరుస్తూ బొరియబొరియనా తిరిగింది. చివరి చెవులపిల్లి కూనను నోట కరుచుకుని ఆమె గట్టెక్కాకే నీళ్ళు పల్లాన్ని ముంచాయి.

వాన తగ్గాక వరదయ్యను తాళ్ళతో లాగారు. పానకాలు నివేదిక రాశాడు: "కొత్త బోర్డు సాయంతో అధ్యక్షులవారు సకాలంలో వాగులోకి దిగి, స్వయంగా వరదను అడ్డుకున్నారు. ఒక్క ప్రాణమూ పోలేదు. ఇలాంటి బోర్డులు ఇంకో పన్నెండు అవసరం."

వరదయ్యకు శాలువా కప్పారు. అనుమతి లేని వాహనం నడిపినందుకు తాయారు చేతిలో మెమో పెట్టారు.

నీతి: సమయానికి చేరినవాళ్ళకు సంజాయిషీ, దారిలో ఇరుక్కున్నవాళ్ళకు సన్మానం.