నీటి చుక్కకు సమాన న్యాయం

"మన భూగర్భ జలం ఒక్క చుక్క కూడా ఈ రాష్ట్రం సరిహద్దు దాటదు!" అని సెనేటర్ డెల్బర్ట్ క్రోగ్‌స్టాడ్ గారు మా కౌంటీ కోర్టు మెట్ల మీద ప్రతిజ్ఞ చేశారు. మా బొగ్గును పొడి చేసి, మా నీళ్లలో కలిపి, ఆ నల్లటి జావను వెయ్యి మైళ్ల గొట్టంలో టెక్సాస్ కరెంటు కేంద్రాలకు పంపాలని ఒక కంపెనీ సంకల్పించింది. గొట్టం కూడా వేసేసింది. భగీరథుడు గంగను దింపిన ఘనుడైతే, దానిని ఉన్నచోటనే నిలిపిన ఘనులు మా సెనేటర్ గారు. నేను రెండు చేతులా చప్పట్లు కొట్టాను.

సెనేటర్ గారి లాయరు ఆయన చెవిలో ఊదాడు. "సార్, పొరుగు రాష్ట్రానికి వద్దని మనవాళ్లకు ముద్దంటే రాజ్యాంగం ఒప్పుకోదు. పక్షపాతమంటుంది."

"అయితే మనవాళ్లకూ వద్దందాం!"

ధర్మం నాలుగు పాదాల నడిచింది. లోపలివారైనా, బయటివారైనా బోరు నీరు తోడరాదని చట్టం వచ్చింది. పశువులు పెంచే వెర్నా హెస్కెత్ బోరుకు మర్నాడే సీలు పడింది.

"మూడొందల ఆవులయ్యా డెల్బర్ట్! ఇంకో రెండ్రోజులైతే తోళ్లే మిగులుతాయి," అంది వెర్నా.

"వాటి త్యాగాన్ని రాష్ట్రం మరువదమ్మా."

"మరి ఆ కంపెనీ గొట్టం గలగలా పారుతోందే?"

"అందులోది నీరు కాదమ్మా, కోర్టు తేల్చేసింది. బొగ్గు కలిస్తే అది సరుకు. రాష్ట్రాల మధ్య వ్యాపారం. దాని జోలికెళ్లే అధికారం నాకు లేదు," అని సెనేటర్ గారు పరమ వినయంతో తమ అధికారాన్ని త్యజించారు.

వెర్నా తిరిగివెళ్లి, సీలు పీకి, తొట్టి నింపి, అందులో ఒక బొగ్గు పెళ్ల పడేసింది. ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చాడు.

"నీళ్లు తోడావేంటమ్మా?"

"బొగ్గు సరుకు నాయనా. కనపడటంలా?"

"మరి గొట్టమేదీ?"

వెర్నా ఒక ఆవును చూపించింది. "ఇదుగో. తనే నడుస్తుంది. శనివారం పక్క రాష్ట్రం నెబ్రాస్కా సంతకు పోతుంది."

ఇన్‌స్పెక్టరు రూల్సు పుస్తకం తిరగేశాడు. సరుకుంది, మార్గముంది, సరిహద్దు దాటుతోంది. టోపీ తీసి ఆవుకు దారిచ్చాడు.

వారం తిరిగేసరికి కౌంటీలో ప్రతి తొట్టిలోనూ ఒక బొగ్గు పెళ్ల వెలసింది. జ్ఞానస్నానపు గిన్నెలో మా పాస్టరు గారు కూడా ఒకటి వేశారు. దేవుని రాజ్యం సరిహద్దుకు అవతలిదే కదా.

"ఒక్క వారంలో నాలుగు వేల కొత్త అంతర్రాష్ట్ర పైప్‌లైన్లు!" అని సెనేటర్ గారి ఆఫీసు ప్రకటించింది. ప్రారంభోత్సవానికి వారే స్వయంగా వెర్నా దొడ్డికి విచ్చేశారు. బ్యాండు మోగింది. నీలం రిబ్బను తెగింది.

"ఇంకాస్త దగ్గరగా, సార్," అన్నాడు ఫొటోగ్రాఫరు.

సెనేటర్ గారు చిరునవ్వుతో పైప్‌లైను వెనక భాగాన నిలబడ్డారు. అది తోక ఎత్తింది.