వాచాక రండి

వాపు లేని పంటి నొప్పిని నమ్మకూడదు! మా పేటలోని ఉచిత దంత వైద్యశాల పాటిస్తున్న నియమం ఇదే. దాన్ని ఆడిపోసుకునే వాళ్లకు ఈరోజు నాలుగు మంచి మాటలు చెప్పదలచుకున్నాను.

ఆలోచించండి. ఉన్నది ఒక్క కుర్చీ, ఒక్క డాక్టరు. నోళ్లేమో పేట నిండా! నొప్పి అన్నవాళ్లందరినీ కూర్చోబెడితే ఆ కుర్చీ గతేం కావాలి? అందుకే కిటికీ దగ్గర ఒక గుమాస్తాను పెట్టారు. అందరూ ఆయన్ని చెంపల మాస్టారంటారు. ఆయన నోరు తెరవమనరు. రెండు చెంపలూ పోల్చి చూస్తారు. సమానంగా ఉంటే టోకెన్ లేదు. ఒక పెద్దమనిషి బుగ్గన దూది కుక్కుకుని లోపలికి వెళ్లిన దగ్గర్నుంచీ వేలితో నొక్కి కూడా చూస్తున్నారు. నాణ్యతంటే ఇది కదా!

మా అక్క సంగతే తీసుకోండి. బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. అక్కడ మూడు మిషన్లకి ఒకటే కత్తెర కాబట్టి దారం కోరపంటితో కొరుకుతుంది. ఆ పన్నే పుచ్చింది. చిన్న పుచ్చే, సిమెంటు పెడితే నిలిచేదే. ప్రైవేటు డాక్టరు చెప్పిన ఖర్చు వినగానే అక్కకి కాసేపు నొప్పే తెలియలేదట. సరే, ఉచితానికి వెళ్లింది.

"ఎక్కడమ్మా వాపు?" అన్నారు మాస్టారు.

"ఇంకా రాలేదండీ. నొప్పి మాత్రం ప్రాణం తోడేస్తోంది."

"వాచాక రండి."

ఇక ఇంటిల్లిపాదీ వాపు కోసం ఎదురుచూపులు! పొద్దున్నే బావ అక్క గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచేవాడు. పిల్లలు స్కేలు తెచ్చేవాళ్లు. ఎదురింటి పిన్ని కూరగాయలకు వెళ్తూ "వాచిందా?" అని అడిగి మరీ వెళ్లేది. ఇంత ఐకమత్యం ఏ పథకం తెచ్చిందో చెప్పండి!

చివరికి వాచింది. కన్ను మూసుకుపోయేంతగా వాచింది. బావ పరుగున ఆటో తెచ్చాడు. టోకెన్ దొరికింది, కుర్చీ దొరికింది. డాక్టరుగారు పాపం మంచివారు, చూసి తల పట్టుకున్నారు.

"ఇంత వాపు మీద చెయ్యి వెయ్యలేనమ్మా. మాత్రలు వేసుకుని, తగ్గాక రండి."

తగ్గింది. వెళ్లింది. మాస్టారు రెండు చెంపలూ చూసి, "వాపేదమ్మా?" అన్నారు.

ఇలా వాపు వస్తూ పోతూ ఉండగా, పన్నుకే విసుగొచ్చి ఒక మధ్యాహ్నం కాలర్ దారంతో పాటు ఊడి వచ్చేసింది. కుర్చీ అరగలేదు, సిమెంటు తరగలేదు. ఖజానాకి ఎంత ఆదా!

ఇప్పుడు అక్క పక్క పంటితో దారం కొరుకుతోంది. నిన్నటి నుంచి అదీ సలపడం మొదలుపెట్టింది. నేనిది రాస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, ఇక్కడ గట్టిగా ఒక్కటి కొట్టరా. తెల్లారేసరికి వాస్తుంది. టోకెన్ చేతికొచ్చాక, ఇది దెబ్బ వాపేనని లోపల డాక్టరుగారికి చెప్పేస్తాలే. ఈ పన్నయినా నిలుస్తుంది."

వేళాకోళమేమోనని చూశాను. కాదు. చెంప ముందుకు పెట్టి కళ్లు మూసుకుంది.

ఇంతసేపూ నేను పొగిడిన నియమమే కదా, కాదనలేక కుడి చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. ఈ నాలుగు ముక్కలూ ఎడమ చేత్తో రాస్తున్నాను. మా అక్క చెంప మీద మాత్రం అది పడదు. ఎవరి చెంప మీద పడాలో మీరే చెప్పండి.