జీలుగకు మంత్రిగారి ముహూర్తం

బాన్సువాడ మట్టికి మంచిరోజులు వచ్చాయని మే నెలలో ఒక మంగళవారం నాడు అధికారికంగా ప్రకటించారు. ప్రకటించినవారు మండల పచ్చిరొట్ట మహోద్యమ కమిటీ చైర్మన్ అఖిలేశ్. ఆ కమిటీ అంతకు ముందురోజే పుట్టింది. పుట్టిన రోజే ఒక చైర్మన్‌ను, ముగ్గురు వైస్ చైర్మన్లను, చైర్మన్ బొమ్మతో ఇరవై అడుగుల ఫ్లెక్సీని సమకూర్చుకుంది. ఇంత చురుకైన కమిటీ జిల్లాలో మరొకటి లేదని వైస్ చైర్మన్లు ముగ్గురూ ఏకగ్రీవంగా అన్నారు.

"మట్టితల్లి ఆరోగ్యమే మా ధ్యేయం. పచ్చిరొట్ట వేసుడు, పూతకు రాంగనే దున్నుడు, గిదే మా నినాదం. దున్నే కార్యక్రమం స్వయంగ మంత్రిగారి చేతుల మీదుగ జరుగుతది" అన్నాడు అఖిలేశ్.

ఏ మంత్రి అని ఒక విలేకరి అడిగాడు. ఆ వివరం తర్వాత ఇస్తామన్నారు.

వెనక వరుసలో కూర్చున్న వ్యవసాయ విస్తరణాధికారి తౌసీఫ్‌కు మనసు నిండిపోయింది. ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. పచ్చిరొట్ట వేసి, పచ్చిగా ఉండగానే మట్టిలో కలియదున్నండి, మట్టి గుల్లబారుతుంది అని ఊరూరా చెబుతూనే ఉన్నాడు. విన్నవాళ్లు తక్కువ, చాయ్ తాగించి సాగనంపినవాళ్లు ఎక్కువ. అలాంటిది ఒక చైర్మన్ నోట ఆ మాట విన్నాక, ఇక మట్టికి ఢోకా లేదని నమ్మేశాడు. మంచివాడు, అందుకే త్వరగా నమ్మేస్తాడు.

నమూనా క్షేత్రంగా జేత్యా తండా హీరాబాయి అరెకరం కూరగాయల మడిని ఎంపిక చేశారు. అది బిచ్కుంద రోడ్డు పక్కనే ఉంది, ఎదురుగా పది కార్లు ఆగడానికి జాగా ఉంది. మట్టి సంగతి ఎవరూ అడగలేదు గానీ, నిజానికి అది యూరియా తిని తిని ఇటుకలా గట్టిపడిన చౌడు మట్టి. హీరాబాయి ఆ మడిలో వానాకాలం వంకాయ వేసి, బాన్సువాడ అంగట్లో అమ్మి, దాని మీదే ఏడాదంతా ఇల్లు నడుపుతుంది.

"నలభై అయిదు దినాలకు దున్నుడైతదా సార్? వంకాయ నాటు తప్పితే నాకు ఏడాది తప్పినట్టే" అంది.

"నా జిమ్మేదారి అక్కా" అన్నాడు తౌసీఫ్.

తర్వాత ఏ మొక్క వేయాలన్న దానిపై కమిటీ కూర్చుంది. తౌసీఫ్ మూడు రకాల విత్తనాలు బల్లమీద పోసి ఓపికగా వివరించాడు. జనుము తేలిక నేలలకు మంచిది, నీరు నిలిస్తే తట్టుకోదు. పిల్లిపెసర పొట్టిగా పాకుతుంది, పశువులకు మేత కూడా అవుతుంది. జీలుగ చౌడునూ తడినీ ఓర్చుకుంటుంది.

అఖిలేశ్ అంతా విని ఒకే ప్రశ్న వేశాడు. "ఫోటోల ఏది మంచిగ పడ్తది?"

పిల్లిపెసర అప్పుడే ఓడిపోయింది. మంత్రిగారు గడ్డిలో నిలబడ్డట్టు ఉంటుందన్నారు. జనుముతో తాళ్లు పేనుతారని, రాజకీయాల్లో ఉన్నవాళ్లకు తాడు అపశకునమని ఒక వైస్ చైర్మన్ గుర్తుచేశాడు. మిగిలింది జీలుగ. పూత నాటికి నడుము దాటి వస్తుంది, మొక్కా కనబడుతుంది, ముఖమూ కనబడుతుంది. చౌడు నేలకు జీలుగే సరైనది కాబట్టి తౌసీఫ్ నోరు మూసుకుని సంతోషించాడు.

తొలకరికి చల్లిన జీలుగ ఏపుగా లేచింది. జూలై మధ్యలో పసుపు పూత కనిపించింది. హీరాబాయి ఇంటి ముందు వంకాయ నారు నాటుకు సిద్ధంగా ఉంది. దున్నడానికి ఒప్పుకున్న కాసిం తన ట్రాక్టరుకు రోటవేటర్ బిగించుకున్నాడు. ఫ్లెక్సీ మీద తేదీ పడింది. ముందురోజు సాయంత్రం మంత్రిగారు ఢిల్లీ వెళ్లారు.

"పది పదిహేను దినాలు ఆగుదాం" అన్నాడు అఖిలేశ్.

"అన్నా, పూత దాటితే కాడ ముదురుతది. ముదిరితే మట్టిల తొందరగ కుళ్లదు. వంకాయ అదును గూడ పోతది" అన్నాడు తౌసీఫ్.

"నేను చైర్మన్ గావడానికి ఇరవై ఏండ్లు ఆగిన తౌసీఫ్. మొక్క పదిహేను దినాలు ఆగలేదా?" ఈ పోలిక ఏ వ్యవసాయశాస్త్రంలోనూ రాసి లేదు. "మంత్రిగారి పాదం పడేదాంక ఆ మడిల ఎవ్వరు అడుగు పెట్టొద్దు. నువ్వు గూడ" అని చెప్పి, అఖిలేశ్ రోడ్డు పొడవునా రిబ్బను కట్టించాడు.

తౌసీఫ్ తండాకు వెళ్లి తల వంచుకుని ఈ మాట చెప్పాడు. హీరాబాయి నారు వంక చూసింది, రోడ్డు వంక చూసింది.

"ఎవ్వరు లోపలికి రారంటవ్."

"ఎవ్వరు రారు అక్కా."

"మంచిది సార్. నువ్వు ఫికర్ చెయ్యకు" అని చాయ్ ఇచ్చింది. ఆ ఓదార్పు తౌసీఫ్‌ను మరింత కుంగదీసింది.

తర్వాతి కథంతా వాయిదాలే. నిజాంసాగర్ గేట్లు ఎత్తినందుకు ఒకసారి, గణపతి నిమజ్జనానికి ఒకసారి, మంత్రిగారి శాఖ మారుతుందన్న పుకారుకు ఒకసారి, మారనందుకు ఇంకోసారి. ఫ్లెక్సీ మీద పాత తేదీపై కొత్త తేదీ అంటిస్తూ పోయారు. ఆ ఒక్క చోట ఫ్లెక్సీ అట్టలా మందమెక్కింది.

అభివృద్ధి మాత్రం ఆగలేదు. తౌసీఫ్ ప్రతి సోమవారం రోడ్డుమీద నిలబడి, గుర్తులు పెట్టిన కర్రతో జీలుగ ఎత్తు కొలిచి నివేదిక పంపాలి. ఆరడుగులు, ఏడడుగులు, ఎనిమిదిన్నర. వృద్ధిరేటు చూసి ముచ్చటపడిన పైఅధికారులు మండలానికి అభినందన లేఖ పంపారు. ఫోటో రిహార్సల్‌కు అఖిలేశ్ మొదట స్టూలు తెప్పించాడు, తర్వాత బల్ల, తర్వాత నిచ్చెన.

తౌసీఫ్ అంగడి వైపు వెళ్లడం మానేశాడు. హీరాబాయి ఎదురుపడితే ఏం చెప్పాలి? ఒకరోజు అతని భార్య సుమయ్యా సంచినిండా వంకాయలు తెచ్చింది.

"హీరాబాయి ఇచ్చింది. ఎంత చెప్పినా పైసలు తీసుకోలె. మీ సారు బక్కగైండు, వండిపెట్టు అన్నది."

పాపం, సొంత తోట పోగొట్టుకుని వర్ని వైపు నుంచి వంకాయలు కొనితెచ్చి అమ్ముకుంటోందని తౌసీఫ్‌కు అర్థమైపోయింది. ఆమె ఉసురు తగులుతుందని భయం వేసింది. ఆ కూర ముట్టకూడదనుకున్నాడు. అయినా చాలా లేతగా ఉండటం వల్ల రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

సెప్టెంబరు ఆఖరున మంత్రిగారు నిజంగానే వచ్చారు. ఉదయం పదికి రావలసినవారు సాయంత్రం నాలుగుకు వచ్చారు. రిబ్బను కత్తిరించి ట్రాక్టరెక్కారు. స్టీరింగును రెండు వేళ్లతో ఆయన పట్టుకుంటే, మిగతాదంతా కాసిం పట్టుకున్నాడు. చప్పట్ల మధ్య ట్రాక్టరు జీలుగలోకి దూరింది. ముదిరిన కాడలు పటపటా విరిగాయి. పదడుగులు పోయిందో లేదో, కాసిం గట్టిగా బ్రేకు వేశాడు.

ఎదుట జీలుగ లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వంకాయ తోట, చెట్టు చెట్టుకూ నిగనిగలాడే కాయలు. మధ్యలో హీరాబాయి గంప పట్టుకుని కాయలు తెంపుతోంది. మంత్రిగారిని చూసి కొంగు సర్దుకుంది.

తౌసీఫ్ ఎత్తు కొలిచే కర్రను వీపు వెనక దాచుకున్నాడు.

"ఇదేంది?" అన్నారు మంత్రిగారు.

"ఫలితం సార్" అన్నాడు అఖిలేశ్.

"ఎన్ని దినాలకొచ్చింది?"

అఖిలేశ్ ట్రాక్టరు వంక చూశాడు. "తమరు ఇప్పుడే గద సార్ దున్నింది."

మంత్రిగారు సంతృప్తిగా తల ఊపి ఒక వంకాయ తెంపారు. కెమెరాలు మెరిశాయి. వంకాయ మొక్క నడుము దాకానే ఉండటంతో అందరి ముఖాలూ ఫోటోలో చక్కగా వచ్చాయి. "మంత్రి దున్నారు, వంకాయ కాసింది" అని మర్నాడు పేపర్లో పడింది. అఖిలేశ్‌కు శాలువా కప్పారు.

జనం వెళ్లిపోయాక తౌసీఫ్ గట్టుమీద కూలబడ్డాడు.

"ఎప్పుడు దున్నించినవ్ అక్కా?"

"నువ్వు చెప్పిన నాడే. నలభై అయిదో దినం, కాసిమన్న తండా దిక్కు నుంచి వచ్చి దున్నిండు. వంకాయ చుట్టు పురుగు రాకుండ జొన్న పెడ్తం గద. ఈసారి జొన్న బదులు అంచులకు జీలుగనే ఉంచిన" అంది హీరాబాయి. ఒక పిడికెడు మట్టి తీసి అతని చేతిలో పెట్టింది. మట్టి అటుకుల్లా పొడిపొడిగా రాలింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే కాగితం మీద రాస్తవ్ సార్. రాయకుంటే నీకు నిద్ర పట్టదు."

తౌసీఫ్ అప్పటికే జేబులోంచి తీసిన పెన్నును తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

దసరా దాటాక పైనుంచి ఉత్తర్వు దిగింది. బాన్సువాడ ప్రయోగంలో దున్నిన వెంటనే ఫలితం వచ్చినందున, విత్తన పొదుపు కోసం ఇకపై ప్రతి రైతుకు రోడ్డు వెంబడి పదడుగుల మేరకు సరిపడే జీలుగ మాత్రమే ఇవ్వాలని అందులో ఉంది. ఆ కాగితం పట్టుకుని తౌసీఫ్ దిగాలుగా తండాకు వెళ్లాడు. హీరాబాయి వాకిట్లో కమిటీవాళ్లు వదిలేసిన ఫ్లెక్సీ పరిచి, అంచున మిగిలిన జీలుగ నుంచి కోసిన ఎండుకాయలను కర్రతో కొడుతోంది. చుట్టూ గింజలు చిందుతున్నాయి. పక్కన రెండు సంచులు అప్పటికే నిండి ఉన్నాయి.

"అక్కా, వచ్చే ఏడు నీకు పదడుగులకే విత్తనం ఇస్తరట."

"అయ్యో, పాపం. వాళ్లకే తక్కువ పడితే నన్ను అడగమను, ఇస్త" అంది ఆమె కర్ర ఆపకుండా. "నువ్వు జర పక్కకు జరుగు సార్. అఖిలేశన్న మొఖం మీద నిలబడ్డవ్, ఆడ గింజలున్నయి."