యజమానుల సంఘం రద్దయిన వేసవి

ఒక పెద్ద అడవిలో యజమానులు ముగ్గురు, ఆ ముగ్గురికీ ఒక సంఘం, ఆ సంఘానికి ఒక బోర్డు ఉండేవి. బోర్డు మీద ‘అడవి పారిశ్రామిక యజమానుల సంఘం, రిజిస్టర్డు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది.

సంఘానికి అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకరావు. ఆయనది తేనె పరిశ్రమ. రెండోవాడు అడవిపంది వరహాలు, దుంపల తవ్వకం అతనిది. మూడోవాడు మొసలి మకరేశ్వరరావు, ఏటి రేవు ఆయన చేతిలో ఉండేది. పనివాళ్ళ కష్టం మాట ఎత్తితే చాలు, మకరేశ్వరరావు బొటబొటా కన్నీళ్ళు కార్చేవాడు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ‘కుదరదు’ అనేవాడు.

ముగ్గురి సరుకూ మోసేది గాడిదలే. ఒక వేసవిలో మిట్టమధ్యాహ్నం రెండు తేనె కుండలతో కొండ ఎక్కుతూ ముసలి గాడిద సత్తెయ్య దబ్బున పడిపోయాడు. సాయంత్రానికి లేచాడు గానీ, ఆ తరవాత నేరేడు చెట్టుకు దణ్ణాలు పెట్టి ‘దొరా’ అని పిలవసాగాడు.

సత్తెయ్య తమ్ముడి కూతురు నూకాలు. పనివాళ్ళ సంఘానికి ఆమే పెద్ద. అది చూసి ఆమె బరువు దించేసి కూర్చుంది. ఆమె కూర్చుంటే అన్ని గాడిదలూ కూర్చున్నాయి. మూడు పరిశ్రమలూ ఆగిపోయాయి.

చివరికి యజమానుల సంఘం ఒక ఒప్పందం మీద సంతకం పెట్టింది. సూర్యుడు నడినెత్తికి వచ్చింది మొదలు, రేవు దగ్గరి గుంజ నీడ తోకంత పొడవయ్యేదాకా ఎవరి వీపు మీదా బరువు పెట్టకూడదు.

సంతకమైన మర్నాడే గొడవ మొదలైంది. తోకంత అన్నారు గానీ ఎవరి తోక?

“నాది,” అన్నాడు భల్లూకరావు, వెనక్కి తిరిగి చూపిస్తూ. చూపించినా ఎవరికీ కనపడలేదు.

తగువు రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళింది. రిజిస్ట్రారు తాబేలు కూర్మారావు. సంఘాల్ని నమోదు చేసేదీ, రద్దు చేసేదీ, తగువులు తీర్చేదీ ఆయనే. ఆయన వారం రోజులు తల లోపలికి లాక్కుని ఆలోచించి, “కొండముచ్చు తోక,” అని తీర్పు చెప్పాడు.

కొండముచ్చు తోక ఎంత పొడుగంటే, నీడ అంత అయ్యేసరికి గాడిదలు ఒక కునుకు తీసి, లేచి, మళ్ళీ ఇంకో కునుకు తీసేవి.

యజమానులకు కడుపు మండిపోయింది. ఊసరవెల్లి రంగనాథాన్ని పిలిపించారు. ఆయన లాయరు. భల్లూకరావు చెయ్యి మీద కూర్చుని నల్లబడి, విషయమంతా విన్నాడు.

“ఒప్పందం మీద సంతకం ఎవరిది?” అని అడిగాడు.

“మా సంఘానిది.”

“సంఘమే లేకపోతే?”

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

“సంఘం లేకపోతే సంతకం లేదు. సంతకం లేకపోతే ఒప్పందం లేదు. ఒప్పందం లేకపోతే...”

“మధ్యాహ్నం లేదు!” అని వరహాలు ఎగిరి గంతేశాడు.

“మధ్యాహ్నం ఉంటుంది లెండి, కునుకు ఉండదు,” అన్నాడు రంగనాథం. “మా రిజిస్ట్రేషన్ రద్దు చేయండి మహాప్రభో అని మీరే దరఖాస్తు పెట్టుకోండి. మీరు అడుగుతుంటే కాదనేవాడెవడు?”

మర్నాడే దరఖాస్తు పెట్టారు. కూర్మారావు దాన్ని మూడుసార్లు చదివాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో తన మెడ తానే కోయమని అడిగిన సంఘాన్ని ఆయన చూడలేదు.

“కారణం?” అని అడిగాడు.

“అడవి మీద ప్రేమ,” అన్నాడు భల్లూకరావు.

మకరేశ్వరరావు ఏడ్చాడు.

నియమం ప్రకారం పదిహేను రోజులు గడువిచ్చి, అభ్యంతరాలు ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చని ఒక టేకాకు మీద రాసి రావిచెట్టుకు అంటించారు. గాడిదలన్నీ ఆ చెట్టు కింద మూగాయి. ముసలి సత్తెయ్య మాత్రం నేరేడు చెట్టు వైపు చూశాడు. ఆ చూపు నూకాలు చూడలేకపోయింది. అభ్యంతరం చెప్పడానికి అప్పటికప్పుడు కూర్మారావు కచేరీకి బయలుదేరింది.

“అయ్యా, సంఘం పోతే మా ఒప్పందం పోతుందా?”

“పోతుందమ్మా. సంతకం పెట్టినవాళ్ళు లేరు గదా.”

“మరి ఇంకో యజమానుల సంఘం పుడితే?”

“దాంతో కొత్త ఒప్పందం రాసుకోవచ్చు. అడవికి ఒక్క యజమానుల సంఘమే ఉండాలి. అది పెట్టిన సంతకం యజమానులందరికీ వర్తిస్తుంది, సంఘంలో ఉన్నా లేకపోయినా.”

నూకాలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. “యజమాని అంటే ఎవరయ్యా?”

కూర్మారావు చట్టం తీసి చదివాడు. “యజమాని అనగా, ప్రతిఫలం ఇచ్చి తన పని ఇంకొకరి చేత చేయించుకొను ఏ జంతువైనను.”

అప్పుడే నూకాలు వీపు మీద ఒక గోరింక పిడుదును పీకి గుటుక్కున మింగింది. నూకాలు మెడ తిప్పి గోరింక వంక చూసింది. గోరింక నూకాలు వంక చూసింది. కూర్మారావు ఇద్దరి వంకా చూశాడు.

“వీళ్ళు రోజూ మా పిడుదులు ఏరుతారు. మేము రమ్మంటేనే వస్తారు,” అంది నూకాలు.

“ప్రతిఫలం?”

“ఆ పిడుదులే.”

“భోజనంతో కూడిన ఉద్యోగం,” అని కూర్మారావు రాసుకున్నాడు.

“నాకు అభ్యంతరం ఏమీ లేదయ్యా,” అని చెప్పి నూకాలు ఇంటికి వెళ్ళిపోయింది.

పదిహేను రోజులు గడిచాయి. గాడిదలు కిక్కురుమనకపోవడం చూసి భల్లూకరావు మురిసిపోయాడు. “మంచి జాతి. చెప్పకుండానే అర్థం చేసుకున్నాయి,” అన్నాడు.

కూర్మారావు కచేరీలో ముద్ర అంటే వేరే ఏమీ లేదు. ఆయన బురదలో ఒకసారి పొర్లి ఆకు మీద బోర్లా పడుకుంటే, పొట్ట మీద గీతలు అచ్చు పడేవి. ఆ రోజు పొద్దున అలాగే పడుకుని సంఘాన్ని రద్దు చేశాడు. యజమానులు ముగ్గురూ ఆ ఆకు పట్టుకుని, బోర్డు పీకడానికి కేకలు వేసుకుంటూ వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళగానే ఏడు గాడిదలు వరసగా లోపలికి వచ్చాయి. అన్నింటి వీపుల మీదా గోరింకలు ఉన్నాయి.

“అదే పేరుతో సంఘం నమోదు చేయాలయ్యా. పేరు ఖాళీ అయింది గదా,” అంది నూకాలు.

కూర్మారావు దరఖాస్తు చదివాడు. ముగ్గురుంటే చాలు, ఏడుగురున్నారు. తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు.

“ఎలాగూ బురదలోనే ఉన్నాను,” అని ఆ ఆకు మీద కూడా పడుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఒప్పందం కోసం చర్చలు పెట్టారు. రేవు దగ్గర రెండు రాళ్ళు ఉన్నాయి. తెల్లరాయి పనివాళ్ళ పెద్దకు, నల్లరాయి యజమానుల అధ్యక్షుడికి. ఇప్పుడు రెండూ నూకాలువే.

“ఇలా ఒక్కరే రెండు వైపులా ఉండొచ్చా?” అని ఒక కుర్ర గాడిద అడిగింది.

కూర్మారావు చట్టమంతా తిరగేశాడు. “వద్దని లేదు. రాసినవాడికి తట్టినట్టు లేదు,” అన్నాడు.

నూకాలు తెల్లరాయి మీద నిలబడి, “అమ్మా, ఎండ మండిపోతోంది. గుంజ నీడ కొండచిలువంత అయ్యేదాకా విరామం కావాలి,” అంది.

దిగి, నాలుగడుగులు నడిచి, నల్లరాయి ఎక్కింది. “కొండచిలువా! పరిశ్రమలు ఏమైపోవాలి? జెర్రిపోతంత చాలు.”

మళ్ళీ తెల్లరాయి. “మా పెదనాన్న పడిపోయాడు, తెలుసా?”

మళ్ళీ నల్లరాయి. “తెలుసు. నాకూ పెదనాన్నే.”

ఈ మాటకు గాడిదలన్నీ కళ్ళు తుడుచుకున్నాయి. అటూ ఇటూ పదకొండుసార్లు తిరిగి, చెమటలు కక్కి, ఆఖరికి నల్లరాయి మీదున్న నూకాలు మెత్తబడింది. కొండచిలువకే ఒప్పుకుంది.

అదే సమయానికి భల్లూకరావు కుండలతో వచ్చాడు. “ఏమే నూకాలూ, ఎండలో ఆటలేమిటి? పద, మొయ్యి.”

“కుదరదు బాబూ. మన సంఘం ఇప్పుడే సంతకం పెట్టింది.”

“ఏ సంఘం? మా సంఘం రద్దయిపోయిందిగా!”

కూర్మారావు తడి ఆరని ఆకు చూపించాడు. భల్లూకరావు అది చదివి, కుండ మీదే కూలబడ్డాడు. కుండ పగిలి తేనె ఒంటినిండా అంటుకుంది. వరహాలు ‘మోసం’ అని అరిచాడు. మకరేశ్వరరావు ఏడ్చాడు. ఈసారి కన్నీళ్ళు రాలేదు. అదే నిజమైన ఏడుపని అందరికీ తెలిసిపోయింది.

“రంగనాథం ఎక్కడ?” అని భల్లూకరావు వెతికాడు. రంగనాథం నూకాలు వీపు మీద, గోరింకల మధ్య, బూడిదరంగులో కూర్చుని ఉన్నాడు.

“ఇంకో సంఘం పెట్టే వీల్లేదండీ. ఇందులో సభ్యులుగా చేరండి, మాట చెప్పుకునే హక్కయినా ఉంటుంది,” అన్నాడు.

చేరక తప్పలేదు. సభ్యుల జాబితాలో భల్లూకరావుది ఎనిమిదో పేరయింది.

పది రోజులు గాడిదలు మధ్యాహ్నాలు కాళ్ళు బారజాపి పడుకున్నాయి. సత్తెయ్య నేరేడు చెట్టును చెట్టనే పిలవడం మొదలుపెట్టాడు. పదకొండో రోజున గోరింకలు వచ్చాయి. వాటి తరఫున పైడమ్మ అనే గోరింక మాట్లాడింది.

“అమ్మా, మీరు పడుకున్నా మేము ఏరుతూనే ఉన్నాం. మాకూ ఎండే గదా. మాకూ కొండచిలువంత విరామం ఇప్పించండి.”

నూకాలుకు చిరాకేసింది. “మీరు ఎగిరేవాళ్ళు, మీకు గాలి తగులుతుంది. అయినా మీరు చేసేది పనా? భోజనం!”

“భేష్!” అని వెనక నుంచి భల్లూకరావు చప్పట్లు కొట్టాడు. “అచ్చం నా మాటే! ఒప్పుకోకమ్మా నూకాలూ, మొత్తం పరిశ్రమ దెబ్బతింటుంది!”

ఆయన ఆమెను ‘అమ్మా’ అనడం అదే మొదటిసారి. నూకాలు భల్లూకరావు మొహం చూసింది, గోరింక మొహం చూసింది. ఒళ్ళంతా సిగ్గు కమ్మింది. ఆకు తెప్పించి, “కూర్మారావు గారూ, పడుకోండి,” అంది.

కూర్మారావు పడుకున్నాడు. గోరింకలకు విరామం వచ్చింది.

మర్నాటి మధ్యాహ్నం గోరింకలన్నీ కొమ్మల్లో దూరి కళ్ళు మూసుకున్నాయి. గాడిదల వీపుల మీద పిడుదులు పండగ చేసుకున్నాయి. ఒక గాడిద రాయికి రాసుకుంది, ఇంకొకటి ఇసకలో పొర్లింది. సత్తెయ్యా నూకాలూ వీపుకు వీపు ఆనించి గోక్కున్నారు. ఒక్కరికీ కునుకు పట్టలేదు.

ఆ వేసవంతా మధ్యాహ్నాలు గుర్రుపెట్టి నిద్రపోయింది భల్లూకరావు, వరహాలు, మకరేశ్వరరావు మాత్రమే. సరుకు మోసేవాళ్ళు లేక వాళ్ళకూ పని లేదు. పైగా తోలు మందం.

నీతి: కుర్చీ ఖాళీ చేస్తే ఎవరో ఒకరు కూర్చుంటారు, కూర్చున్నవాళ్ళకు న్యాయం గుర్తుంటే దురద తప్పదు.