రాజలింగు మోసిన డబ్బాలు

ఈ కథలో పొల్లుగింజంత అబద్ధం కూడా లేదని ముందే చెబుతున్నాను.

సుల్తానాబాద్ పక్కన రాజలింగు జొన్నచేను మూడు ముక్కలు. మొదటిది అతని భార్య అనసూర్యది. పెంట ఎరువు, వేపగింజల కషాయం తప్ప ఇంకేదీ తగలనివ్వలేదు. రెండోదానికీ పెంటే, పురుగు హద్దు మీరితేనే మందు. మూడోది రాజలింగుది, పురుగు కలలోకి వచ్చినా మందే. పంటకిచ్చే సర్టిఫికెట్ల తీరూ అంతే. మూడోదానికి గింజ బాగుంటే చాలు. రెండోదానికి మందు ఎందుకు కొట్టావో చెప్పాలి. మొదటిదానికి ఏడాదంతా ఏ పురుగుమందూ కొట్టలేదని రుజువు కావాలి. ఆ రుజువు కోసమే అనసూర్య ఏడాది పొడుగునా పెంటగంప నెత్తిన మోసింది.

ఆ పొద్దున సర్టిఫికెట్లిచ్చే సంఘం అధికారి మధుసూదన్‌రావును రాజలింగు చాయ తాగించి చేనుకు తీసుకొచ్చాడు. గట్టెక్కగానే మొదటి ముక్కలోంచి గలగలా చప్పుడు. పిట్టల్ని బెదరగొట్టడానికి రాళ్లు వేసి కట్టిన డబ్బాలవి. అన్నీ పురుగుమందువే!

రాజలింగు సారును నీడన కూర్చోబెట్టి, ఉరికి, డబ్బాలన్నీ రెండో ముక్కలో కట్టాడు. సారు ముందు ఆ ముక్కకే వచ్చాడు.

"ఒక్కపారే కొట్టిన్నంటివి. గిన్ని డబ్బాలేందయ్యా?"

"గాలికి కొట్టుకొచ్చినయి సారూ."

సారు ముఖం తిప్పగానే డబ్బాలు మెడకు వేసుకుని మూడోదానికి పరుగు. అడుగడుగునా గలగల. ఇటు మొదటి ముక్కలో చప్పుడు ఆగేసరికి వెయ్యి చిలుకలు వాలాయి.

అనసూర్య కొంగు బిగించి సారు ముందు నిలబడింది. "మందు డబ్బాలే సారూ. మందు ఆయన ముక్కకు, డబ్బా నా ముక్కకు. పిట్టలకు సప్పుడు గావాలె గదా. నమ్మకుంటే మన్ను తవ్వి చూడుండ్రి."

సారు నవ్వి సంచిలోంచి కాగితం తీశాడు. "మొన్న తీస్కపోయిన ఆకుల పరీక్ష సాఫ్‌గ వచ్చిందమ్మా. గిది ఇద్దామనే వచ్చిన. నీ పెనిమిటి ఉరుకుడు జూసినంకనే నాకు అనుమానమొచ్చింది."

ఇక డబ్బా ఆ ముక్కలో కనబడొద్దని చెప్పి, సర్టిఫికెట్ ఆమె చేతిలోనే పెట్టాడు. అప్పటినుంచి ఆ ముక్కలో పొద్దంతా చప్పట్లు కొట్టే పని రాజలింగుదే.

వెయ్యి చిలుకలన్నది మాత్రం నేను కల్పించింది. వచ్చినవి నాలుగు, అవీ కాకులు.